రెయిన్‌బో హాదీ: ఒక్కడే.. ఏడు ఆటలు! సానియా కంటే 80 ఏళ్ల ముందే ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడిన హైదరాబాదీ

హైదరాబాద్ టెన్నిస్ అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు సానియా మీర్జా. కానీ సానియా పుట్టడానికి 62 ఏళ్ల ముందే ఓ హైదరాబాదీ ఒలింపిక్స్‌లో టెన్నిస్ రాకెట్ పట్టారు. అంతే కాదు.. రంజీ ట్రోఫీ చరిత్రలో తొలి సెంచరీ కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆయనే సయ్యద్ మహమ్మద్ హాదీ. అభిమానులు ముద్దుగా పిలుచుకున్న పేరు రెయిన్‌బో హాదీ.

పాత తరం టెన్నిస్ ఆటగాళ్లు గొప్పా? ఇప్పటి తరం గొప్పా? వింబుల్డన్ వచ్చిందంటే చాలు, సోషల్ మీడియాలో ఈ గొడవ మొదలవుతుంది. ఒకరు రాడ్ లేవర్ అంటారు, ఇంకొకరు జకోవిచ్ అంటారు. హాదీ జీవితం చూస్తే అసలు ఈ పోలిక ఎక్కడ తప్పుతోందో అర్థమవుతుంది.

ఇంతకీ ఎవరీ హాదీ?

1899 ఆగస్టు 12న హైదరాబాద్‌లో పుట్టారు హాదీ. అప్పుడు ఇక్కడ నిజాం పాలన. హాదీకి వచ్చిన ఆటల లిస్టు చూస్తే ఎవరైనా నోరెళ్లబెట్టాల్సిందే. క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, చెస్, పోలో. మొత్తం ఏడు. ఇంద్రధనుస్సులో ఏడు రంగులు ఉన్నట్టే ఈయన దగ్గర ఏడు ఆటలు ఉన్నాయని రెయిన్‌బో అనే పేరు వచ్చింది.

ఏడు ఆటలూ సరదాకి ఆడి వదిలేసిన బాపతు కాదు. టెన్నిస్‌లో దేశం తరఫున ఆడారు. క్రికెట్‌లో భారత జట్టుతో ఇంగ్లాండ్ టూర్‌కి వెళ్లారు. రెండు వేర్వేరు ఆటల్లో జాతీయ జట్టు దాకా వెళ్లడం అంటే ఇప్పటి రోజుల్లో ఊహించడమే కష్టం.

కేంబ్రిడ్జ్ నుంచి పారిస్ దాకా

హాదీ చదువు కోసం ఇంగ్లాండ్ వెళ్లారు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలోని పీటర్‌హౌస్ కాలేజీలో చదివారు. అక్కడి గడ్డి కోర్టులే ఆయన్ను అంతర్జాతీయ టెన్నిస్‌కు దగ్గర చేశాయి.

అప్పట్లో భారత డేవిస్ కప్ టీమ్ ఎలా ఉండేదో తెలుసా? ఇప్పటిలా కోచ్, ఫిజియో, స్పాన్సర్ ఎవరూ ఉండరు. భారత్ 1921లో తొలిసారి డేవిస్ కప్‌లో అడుగు పెట్టింది. మ్యాచ్‌లేమో యూరప్‌లో. ఇక్కడి నుంచి ఓడలో వెళ్లాలంటే వారాలు పట్టేది. అందుకే ఇంగ్లాండ్‌లో చదువుకునే వాళ్లు, సెలవు మీద వచ్చిన ఉద్యోగులే ఎక్కువగా టీమ్‌లో కనిపించేవాళ్లు. ఆ రోజుల్లో భారత్‌కు పెద్ద పేరు తెచ్చిన సిడ్నీ జాకబ్ అసలు వృత్తి ఏంటంటే.. ఐసీఎస్ ఆఫీసర్! అంటే ఇప్పటి లెక్కలో ఓ కలెక్టర్ స్థాయి అధికారి సెలవు పెట్టి వెళ్లి దేశం తరఫున టెన్నిస్ ఆడినట్టు.

హాదీ 1924, 1925లో డేవిస్ కప్‌లో భారత్ తరఫున ఆడారు. 1924లోనే పారిస్ ఒలింపిక్స్‌కి కూడా వెళ్లారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ ఒలింపిక్స్‌లోనే సిడ్నీ జాకబ్ సింగిల్స్‌లో క్వార్టర్‌ఫైనల్ చేరి సత్తా చాటారు.

విశేషం ఏంటంటే.. ఆ పారిస్ ఒలింపిక్స్ తర్వాత టెన్నిస్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మళ్లీ పతకాల ఆటగా తిరిగి వచ్చింది 1988 సియోల్‌లో. అంటే 64 ఏళ్ల గ్యాప్. దీనికి ఒక పెద్ద కారణం అమెచ్యూర్ అంటే ఎవరు అన్న దాని మీద అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యకీ ఒలింపిక్ కమిటీకీ కుదరకపోవడమే. సరిగ్గా ఇక్కడే పాత తరానికీ, కొత్త తరానికీ మధ్య అసలు గీత ఉంది.

ఆడితే డబ్బులు తీసుకోకూడదు!

ఇప్పటి పిల్లలకు ఇది వింతగా అనిపించొచ్చు. హాదీ ఆడిన కాలంలో వింబుల్డన్ గెలిచినా ప్రైజ్‌మనీ ఉండదు. డబ్బు తీసుకుని ఆడితే ప్రొఫెషనల్ అనే ముద్ర వేసి, వింబుల్డన్ గేటు బయటే ఆపేసేవాళ్లు. డేవిస్ కప్‌లోనూ ఆడనిచ్చేవాళ్లు కాదు.

ఫ్రాన్స్ సూపర్‌స్టార్ సుజానే లెంగ్లెన్ 1926లో ప్రొఫెషనల్‌గా మారారు. దాంతో వింబుల్డన్ తలుపులు ఆమెకు మూసుకుపోయాయి. అమెరికా దిగ్గజం బిల్ టిల్డెన్ పరిస్థితీ అంతే. రాడ్ లేవర్ కథ అయితే ఇంకా పెద్దది. 1962లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ ఒకే ఏడాది గెలిచారు. ఆ తర్వాత ప్రొఫెషనల్ అయ్యారు. ఇక 1963 నుంచి 1967 దాకా ఐదేళ్లు ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా ఆడనివ్వలేదు. 1968లో రూల్ మారింది. 1969లో మళ్లీ నాలుగూ గెలిచి చూపించారు.

లేవర్ ఖాతాలో 11 సింగిల్స్ టైటిల్స్, జకోవిచ్ ఖాతాలో 24. నెంబర్లు పక్కపక్కన పెడితే తేడా భారీగానే కనిపిస్తుంది. కానీ మంచి ఫామ్‌లో ఉన్న ఐదేళ్లు లేవర్‌ను బయట కూర్చోబెట్టారన్న సంగతి ఆ నెంబర్లలో కనిపించదు.

1968 ఏప్రిల్‌లో ఇంగ్లాండ్‌లోని బోర్న్‌మౌత్‌లో ఓపెన్ ఎరా మొదలైంది. అమెచ్యూర్లు, ప్రొఫెషనల్స్ కలిసి ఆడొచ్చు. ఆ ఏడాది వింబుల్డన్ పురుషుల విజేతగా లేవర్‌కి దక్కిన మొత్తం 2,000 పౌండ్లు. మహిళల విజేత బిల్లీ జీన్ కింగ్‌కి ఇచ్చింది 750 పౌండ్లే. అదే 2024 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు ఇచ్చింది 27 లక్షల పౌండ్లు. అదీ మగవాళ్లకీ ఆడవాళ్లకీ సమానంగా.

ఈ మార్పు వచ్చేటప్పటికి హాదీ వయసు 68. ఆయన ఆడిన రోజుల్లో టెన్నిస్ అన్నది సంపాదన కాదు. గౌరవం, సరదా, కాస్త హోదా. అంతే.

35 ఏళ్ల వయసులో తొలి సెంచరీ

టెన్నిస్ సంపాదన కాదు కాబట్టే హాదీ దానికే అతుక్కుపోలేదు. మళ్లీ బ్యాట్ పట్టారు. 1934-35లో దేశంలో రంజీ ట్రోఫీ మొదలైంది. హైదరాబాద్ తరఫున మద్రాస్ మీద ఆడిన మ్యాచ్‌లో హాదీ 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. రంజీ ట్రోఫీలో అదే మొట్టమొదటి సెంచరీ. గవాస్కర్, సచిన్, లక్ష్మణ్.. ఎవరు ఎన్ని సెంచరీలు కొట్టినా ఆ లిస్టులో మొదటి పేరు మాత్రం ఈ హైదరాబాదీదే. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు.

1936లో భారత జట్టు ఇంగ్లాండ్ టూర్‌కి వెళ్లింది. కెప్టెన్ విజయనగరం మహారాజ్‌కుమార్, అంటే విజ్జీ. సీకే నాయుడు లాంటి స్టార్లు ఉన్న టీమ్ అది. హాదీ కూడా అందులో ఉన్నారు. అయితే టెస్టు మ్యాచ్ ఆడే ఛాన్స్ మాత్రం రాలేదు. అందుకే టెస్టు క్రికెటర్ల లిస్టులో ఆయన పేరు ఉండదు. రెండు ఆటల్లో దేశం దాకా వెళ్లిన మనిషి, ఇప్పటి తరానికి పెద్దగా తెలియకపోవడానికి ఇదీ ఒక కారణమే.

ఒకే టూర్‌లో ఇద్దరు డేవిస్ కప్ ఆటగాళ్లు

ఇక్కడ ఇంకో ఇంట్రెస్టింగ్ విషయం ఉంది. ఆ 1936 క్రికెట్ టీమ్‌లో డేవిస్ కప్ ఆడింది హాదీ ఒక్కరే కాదు. మద్రాసుకు చెందిన కోటా రామస్వామి కూడా ఉన్నారు. మద్రాసు క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడు కొడుకే ఈయన. తెలుగు కుటుంబం. ఆయన కూడా కేంబ్రిడ్జ్‌లోనే చదివారు. 1922లో డేవిస్ కప్ ఆడారు.

రామస్వామి టెస్టు అరంగేట్రం చేసింది ఎప్పుడో తెలుసా? 40 ఏళ్ల వయసులో! మాంచెస్టర్ టెస్టులో 40, 60 పరుగులు చేశారు. మొత్తం ఆడింది రెండు టెస్టులే. 1985లో, దాదాపు 90 ఏళ్ల వయసులో ఒకరోజు ఇంటి నుంచి బయటకు వెళ్లిన రామస్వామి మళ్లీ తిరిగి రాలేదు.

ఇప్పుడు డేవిస్ కప్ ఆడిన ఇద్దరు ఒకే క్రికెట్ టీమ్‌లో ఉన్నారంటే ఎవరైనా నమ్ముతారా? అప్పుడు అది సాధ్యమైంది. ఎందుకంటే ఏ ఆటా వాళ్ల ఏడాది మొత్తాన్నీ తీసుకునేది కాదు.

చెక్క రాకెట్ నుంచి గ్రాఫైట్ దాకా

ఇక ఆట విషయానికి వస్తే.. హాదీ చేతిలో ఉన్నది చెక్క రాకెట్. బరువు దాదాపు 400 గ్రాముల దాకా ఉండేది. బంతిని కొట్టే ముఖం చిన్నది. తీగలు పశువుల పేగులతో చేసినవి. ఇప్పటి గ్రాఫైట్ రాకెట్ 300 గ్రాముల అటూఇటూ ఉంటుంది. ముఖం చాలా పెద్దది. పాలియెస్టర్ తీగలు. అందుకే ఇప్పటి ఆటగాళ్లు బేస్‌లైన్ దగ్గర నిలబడి బంతిని గింగిరాలు తిప్పుతూ బలంగా బాదగలుగుతున్నారు. చెక్క రాకెట్‌తో అలా కొట్టాలంటే కుదరదు. సర్వ్ చేసి నెట్ దగ్గరికి పరిగెత్తడం, బంతిని నేర్పుగా ఖాళీలోకి పంపడం.. గడ్డి కోర్టు మీద అప్పటి ఆట ఎక్కువగా అదే.

డ్రెస్ చూసినా అంతే తేడా. మగవాళ్లు కాళ్ల దాకా తెల్ల ప్యాంటు వేసుకుని ఆడేవాళ్లు. టైబ్రేక్ అన్నదే లేదు. రెండు గేమ్‌ల తేడా వచ్చేదాకా సెట్ సాగుతూనే ఉండేది. 1969 వింబుల్డన్‌లో పాంచో గొంజాలెజ్, చార్లీ పాసరెల్ మ్యాచ్ ఏకంగా 112 గేమ్‌లు నడిచింది. రెండేళ్ల తర్వాత వింబుల్డన్‌లో టైబ్రేక్ వచ్చేసింది.

ర్యాంకింగ్స్ సంగతి కూడా అంతే. కంప్యూటర్ ర్యాంకులు వచ్చింది 1973లో మగవాళ్లకి, 1975లో ఆడవాళ్లకి. హాదీ ర్యాంకు ఎంత అని ఎవరైనా అడిగితే జవాబు లేదు. అప్పట్లో అలాంటి లెక్కే లేదు కాబట్టి.

సానియా తరం చెల్లించిన మూల్యం

ఇక కొత్త తరం వైపు చూద్దాం. సానియా మీర్జా ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టారు. 2003లో ప్రొఫెషనల్ అయ్యారు. 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారత మహిళగా నిలిచారు. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. మొత్తం 6 గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిల్స్. 2008 నుంచి వరుసగా నాలుగు ఒలింపిక్స్. సికింద్రాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ కూడా 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడాడు.

సింపుల్‌గా చెప్పాలంటే.. టెన్నిస్‌లో సాధించిన దాంట్లో సానియాకూ హాదీకీ పోలికే లేదు. కానీ దానికి సానియా చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. మోకాలు, మణికట్టు సర్జరీలు జరిగాయి. గాయాల వల్లే 2013లో సింగిల్స్ పూర్తిగా వదిలేయాల్సి వచ్చింది. ఏడాదిలో చాలా వారాలు విమానాల్లో, హోటళ్లలో గడిచిపోతాయి. ఓడిపోతే పాయింట్లు పోతాయి, పాయింట్లు పోతే తర్వాతి టోర్నీలో ఎంట్రీ కష్టం. హాదీకి ఈ టెన్షన్ లేదు. ఓడిపోతే బ్యాట్ పట్టుకోవచ్చు, గుర్రం ఎక్కి పోలో ఆడొచ్చు, చెస్ బోర్డు ముందు కూర్చోవచ్చు.

వయసు విషయంలో మాత్రం రెండు తరాలూ కలుస్తాయి. హాదీ దాదాపు 37 ఏళ్ల వయసులో ఇంగ్లాండ్ టూర్‌లో ఉన్నారు. జకోవిచ్ 24వ టైటిల్ గెలిచింది 36 ఏళ్ల వయసులో. రోహన్ బోపన్న 2024లో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచినప్పుడు వయసు 43. అయితే ఇప్పటి వాళ్ల వెనక ట్రైనర్లు, ఫిజియోలు, డైట్ ప్లాన్లు ఉన్నాయి. అప్పటి వాళ్లకు ఒంటి మీద అంత భారం పడే క్యాలెండరే లేదు.

శామీర్‌పేట పిల్లాడికి అప్పుడు ఛాన్స్ ఉండేదా?

పాత తరం గురించి మాట్లాడేటప్పుడు ఒక మాట మర్చిపోకూడదు. హాదీకి ప్రతిభ ఉంది, అందులో డౌటే లేదు. కానీ కోర్టు కూడా అందుబాటులో ఉంది. కేంబ్రిడ్జ్‌లో చదివే అవకాశం ఉంది. పోలో ఆడాలంటే గుర్రం కావాలి. హైదరాబాద్‌లో అప్పటి ఆటలన్నీ నవాబుల అండతో, క్లబ్బుల్లో, కంటోన్మెంట్ మైదానాల్లో నడిచేవి. ఇప్పటికీ పేరున్న మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్ టోర్నీని కూడా 1930-31లో మొదలుపెట్టింది ఓ నవాబే.

అదే సమయంలో సికింద్రాబాద్‌కి ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట పరిస్థితి ఏంటి? అవి పక్కా వ్యవసాయ గ్రామాలు. మేడ్చల్ మీదుగా మన్మాడ్ వైపు రైలు వెళ్లేది. శామీర్‌పేటలో పెద్ద చెరువు, దాని కింద పొలాలు. అక్కడి రైతు బిడ్డ చేతికి టెన్నిస్ రాకెట్ వచ్చే దారే లేదు. ఆ పిల్లాడిలో ఇంకో హాదీ ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. డబ్బు కోసం ఆడకూడదన్న రూల్ వినడానికి గొప్పగా ఉంటుంది. నిజానికి అది డబ్బు అవసరం లేని వాళ్లకే ఆటను వదిలిపెట్టింది. ఆటతో ఇల్లు గడవనప్పుడు పేదింటి పిల్లలు ఏళ్ల తరబడి ఎలా ఆడతారు?

ఇప్పుడు అదే ఏరియా చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. విల్లాల్లో, రిసార్టుల్లో టెన్నిస్ కోర్టు కనిపించడం మామూలే. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వెళ్లే దారిలోనే హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉంది. ప్రభుత్వం నడిపే ఈ స్కూల్లో నాలుగో తరగతి నుంచే పిల్లల్ని తీసుకుంటారు. ఎత్తు, బరువు, పరుగు లాంటి పరీక్షలు పెట్టి సెలెక్ట్ చేస్తారు. ఏ ఊరి పిల్లలైనా, నాన్న ఏ పని చేసేవాడైనా పోటీ పడొచ్చు. హాదీ కాలంలో లేనిది ఇదే.

కానీ ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది. తొమ్మిది, పదేళ్ల వయసులోనే పిల్లలు ఒక ఆట వైపు వెళ్లిపోతారు. ఇక ఏడు ఆటలు అన్న మాటే ఉండదు. టెన్నిస్ అయితే ఖర్చు మరీ ఎక్కువ. కోచింగ్, రాకెట్లు, షూస్, టోర్నీల కోసం ఊళ్లు తిరగడం.. మధ్యతరగతి అమ్మానాన్నలకు ఇది పెద్ద నిర్ణయమే. పైగా ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న కొద్దిమందికే ఆటతో మంచి సంపాదన. కింద ఉన్నవాళ్లలో చాలామందికి ప్రయాణ ఖర్చులు రావడమే గగనం. ఆడితే డబ్బు తీసుకోకూడదన్న రూల్ పోయి 50 ఏళ్లు దాటింది. ఆడాలంటే ముందు డబ్బు పెట్టాలన్న రూల్ మాత్రం ఇంకా పోలేదు.

ఎవరు గొప్ప?

1971 జులై 14న హైదరాబాద్‌లోనే హాదీ కన్నుమూశారు. ఓపెన్ ఎరా మొదలై అప్పటికి మూడేళ్లు. తను ఆడిన ఆట ఓ వృత్తిగా మారడాన్ని ఆయన బతికుండగానే ప్రపంచం చూసింది. ఆ తర్వాత 15 ఏళ్లకు సానియా పుట్టారు.

కాబట్టి పాత తరమా, కొత్త తరమా అన్న ప్రశ్నకు టైటిల్స్ లెక్క ఒక్కటే సరిపోదు. ఎవరు ఏ రాకెట్‌తో ఆడారు, ఎవర్ని ఆడనిచ్చారు, ఎవర్ని గేటు బయటే ఆపేశారు.. ఇవన్నీ కలిపి చూడాలి. హాదీ తరానికి ఏ ఆట కావాలంటే ఆ ఆట ఆడుకునే స్వేచ్ఛ ఉంది, కానీ అది కొందరికే. సానియా తరానికి ఆటే వృత్తి. సత్తా ఉంటే ఎక్కడిదాకా అయినా వెళ్లొచ్చు, కానీ చిన్నప్పటి నుంచీ ఒక్క ఆటకే అంకితం కావాలి.

హకీంపేట, శామీర్‌పేట, మేడ్చల్ మైదానాల్లో ఈ రోజు పొద్దున్నే పరిగెత్తే పిల్లలకు ఈ రెండు కథలూ తెలియాల్సిందే. సానియా పేరు వాళ్లకు ఎలాగూ తెలుసు. ఇకపై రెయిన్‌బో హాదీ పేరు కూడా గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. పదేళ్ల పిల్లాడు టెన్నిస్ ప్రాక్టీస్ అయ్యాక కాసేపు క్రికెట్ ఆడతానంటే, వద్దని చెప్పే ముందు అమ్మానాన్నలు ఒక్కసారి ఈ హైదరాబాదీని తలుచుకోవచ్చు.